ముడి విప్పని పుస్తకాలు

మార్చి 4, సోమవారం

ఆఫీసు వాళ్లు నాకు రెండు నోటుబుక్కులిచ్చారు. ఒకదాంట్లో రోజువారీ నివేదిక రాస్తాను. అందులో అంతా సవ్యంగా ఉంటుంది. రెండోది ఇది. ఇందులో నేను ఉంటాను.

ఈనాటి ముఖ్యాంశాలు. సూపర్వైజర్ మేడమ్ ఫోన్ చేసి, ఉన్న పన్నెండు పిల్లల కేంద్రాల్లోనూ నాదే నంబర్ వన్ అన్నారు. ఆర్నెల్లుగా ముప్పై ఒక్కమంది పిల్లలు ప్రతి శనివారం తలా ఒక బొమ్మల పుస్తకం ఇంటికి తీసుకెళ్లి, మళ్లీ శనివారానికి తెచ్చిస్తున్నారు. ఇన్ని వందల రాకపోకల్లో ఒక్క పేజీ చిరగలేదు. ఒక్క మూల మడత పడలేదు. పక్క కేంద్రంలో ఏనుగు పుస్తకాన్ని ఎవరో తొండం దాకా నమిలేశారట. "నీ పిల్లల్ని చూసి నేర్చుకోమన్నాను వాళ్లని," అన్నారు మేడమ్. "అంతా మీ చలవే మేడమ్," అన్నాను వినయంగా. ఫోన్ పెట్టేశాక అద్దం ముందు కాసేపు నిలబడ్డాను.

ఇక రెండో వార్త. ఇరవై రెండో తారీఖు, శుక్రవారం, పరిశీలకురాలు వస్తున్నారు. ఒక్కో పిల్ల చేతికీ పుస్తకం తలకిందులుగా ఇస్తారట. పిల్ల దాన్ని తిప్పి పట్టుకోవాలి, అట్ట తెరవాలి, పేజీలు తిప్పాలి, బొమ్మ చూపించి ఏదో ఒకటి చెప్పాలి. అక్షరాలు రానక్కర్లేదు. మూడేళ్లు, నాలుగేళ్ల వాళ్లకి ఏమొస్తాయి? ఇంట్లో ఒక్క పుస్తకం కూడా లేని పిల్లకి ఆర్నెల్లలో పుస్తకంతో చనువు ఏర్పడిందా లేదా, అదీ పరీక్ష. సగం మందైనా గట్టెక్కకపోతే మా పుస్తకాల గది ఎత్తేస్తారు. ఆ గది మీద పక్కనున్న పెద్ద లాండ్రీ వాళ్లకి ఎప్పట్నుంచో కన్నుంది, సబ్బు బస్తాలు పెట్టుకోడానికి.

నాకేం భయం లేదు. నంబర్ వన్ కదా.

మార్చి 5, మంగళవారం

భయం లేదని నిన్న ఎందుకు రాశానో. నన్నెవరూ అడగలేదు.

మార్చి 6, బుధవారం

చిన్న రిహార్సల్ పెట్టాను. ఐదుగురు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, పరిశీలకురాలిలా మొహం గంభీరంగా పెట్టి, పుస్తకాలు తలకిందులుగా ఇచ్చాను.

లిఫ్టు మెకానిక్ కొడుకు పుస్తకాన్ని రెండు చేతులా గుండెకి హత్తుకుని కదలకుండా కూర్చున్నాడు. వాచ్‌మన్ కూతురు ముందు చేతులు గౌనుకి తుడుచుకుంది, తర్వాత పుస్తకం తీసుకుంది, తర్వాత లేచి వెళ్లి అల్మరాలో పెట్టేసి వచ్చింది. కవలలిద్దరూ ఒకర్నొకరు చూసుకుని నా చేతికే తిరిగిచ్చేశారు.

ఐదోది బుడంకాయ. నాలుగేళ్లది. గుండ్రంగా, పొట్టిగా ఉంటుందని ఆయమ్మ పెట్టిన పేరు. వాళ్లమ్మ పక్క లాండ్రీలోనే ఇస్త్రీ చేస్తుంది. బుడంకాయ పుస్తకం అందుకుని నన్ను అడిగింది: "టీచర్, ఎక్కడ దాచాలి?"

పిల్లలు బెదిరారు. నా పరిశీలకురాలి మొహం మరీ సహజంగా వచ్చి ఉంటుంది. నివేదికలో "పుస్తకాల పట్ల గౌరవం మెండు" అని రాశాను.

మార్చి 7, గురువారం

ఆయమ్మ అంటే మా కేంద్రంలో వంట, ఊడ్చడం, పిల్లల ముక్కులు, నా బుద్ధి, ఈ నాలుగూ చూసుకునే మనిషి. ఇవాళ గిన్నెలు బోర్లిస్తూ అంది: "అమ్మాయ్, గౌరవం గౌరవం అని తెగ మురిసిపోతున్నావు. పసిపిల్ల దేన్నయినా గౌరవించిందంటే దానికి దెబ్బలైనా పడి ఉండాలి, జ్వరమైనా వచ్చి ఉండాలి."

ఈవిడకి మనస్తత్వశాస్త్రం ఎవరు నేర్పారో. ఎమ్మే చదివింది నేను.

మార్చి 9, శనివారం

ఇళ్లకి వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది. కాదు, ఆర్నెల్ల క్రితమే వెళ్లాల్సింది.

మొదట బుడంకాయ వాళ్లిల్లు. ఒకటే గది. మంచం, బీరువా, పొయ్యి, తాడు మీద ఎవరివో చొక్కాలు. వాళ్లమ్మ స్టూలు తుడిచి నన్ను కూర్చోమంది. నేనేమీ అడక్కముందే, "పుస్తకం చూపించమంటారా టీచరమ్మా?" అని మంచం ఎక్కి, బీరువా మీంచి ఒక మూట దించింది. పుస్తకానికి ప్లాస్టిక్ కవరు, దాని మీద దిండు గలీబు, దాని మీద తాడు.

"చూడండి, పోయిన శనివారం మీరిచ్చినప్పుడు వేసిన ముడి. ఇదిగో, ఇప్పుడు మార్చుకోడానికే విప్పుతున్నాను." మొహం వెలిగిపోతోంది.

"మధ్యలో విప్పరా?"

"మధ్యలో ఎందుకు విప్పుతాం?"

"పాప అడగదూ?"

"అడగకేం, రోజూ అడుగుతుంది. బీరువా కేసి చూస్తూ నిద్రపోతుంది. మాటిచ్చాం కదమ్మా మీకు."

మాట. అప్పుడు గుర్తొచ్చింది. మొదటి రోజు తల్లుల సమావేశం. అందరూ బిగుసుకుని కూర్చున్నారు. కాస్త నవ్విద్దామని నేను రిజిస్టరు తెరిచి, ఎర్ర పెన్ను కత్తిలా పైకెత్తి, గొంతు బొంగురు చేసి, "ఒక్క పేజీ చిరిగిందా, ఆ పిల్ల పేరు ఇందులోంచి సర్రున కొట్టేస్తా" అన్నాను. అందరూ నవ్వారు. నాకు బాగా గుర్తు, అందరూ నవ్వారు. ఆ సాయంత్రం బావకి చేసి చూపిస్తే బావ కూడా నవ్వాడు.

"పేరు కొట్టేస్తే దీన్ని ఎక్కడ పెట్టుకోను?" అంటోంది వాళ్లమ్మ. "షాపులోకి తీసుకెళ్లాలి. పోయినేడు అలాగే తీసుకెళ్తే ఆవిరి గొట్టం పట్టుకుంది." బుడంకాయ చెయ్యి తెరిచి చూపించింది. అరచేతిలో రూపాయంత మేర చర్మం నున్నగా మెరుస్తోంది. రేఖలు లేవు.

ఇంకో మూడిళ్లకి వెళ్లాను. ఒక ఇంట్లో పుస్తకం సూట్‌కేసులో. ఒక ఇంట్లో బియ్యం డబ్బా మీద, ఇటుక కింద. మూడో ఇంట్లో పై పోర్షన్ వాళ్ల దగ్గర దాచారట, వాళ్లింట్లో చిన్నపిల్లలు లేరని.

మార్చి 10, ఆదివారం

నేను అక్కావాళ్లింట్లోనే ఉంటాను కాబట్టి ఏదీ దాగదు. అన్నం కెలుకుతుంటే అక్క అడిగింది, చెప్పేశాను.

బావ అన్నాడు: "మరదలా, చరిత్రలో చాలామంది పుస్తకాలు తగలబెట్టారు. చదవమని ఇచ్చి, చదవకుండా కాపాడింది నువ్వొక్కత్తివే."

అక్క నవ్వలేదు. "వాళ్లు ఎందుకు నవ్వారనుకున్నావే? చేతిలో రిజిస్టరు ఉన్న మనిషి జోకేస్తే నవ్వకుండా ఉండే వీలుంటుందా ఎవరికైనా?"

నవ్వు నాలుగు విధాల చేటంటారు. మిగతా మూడూ ఏమిటో ఇరవై రెండో తారీఖున తెలుస్తాయి.

మార్చి 11, సోమవారం

పొద్దున పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులందర్నీ ఆపి చెప్పాను: "పుస్తకాలు తెరవండి. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని బొమ్మలు చూపించండి. మీకు చదవడం రాకపోయినా పర్లేదు, నోటికొచ్చిన కథ చెప్పండి. చిరిగితే చిరగనివ్వండి, ఏమీ కాదు."

అందరూ నవ్వారు. తల ఊపారు. వెళ్తూ వాచ్‌మన్ భార్య పక్కావిడతో అంటుంటే విన్నాను: "ఎవరో తనిఖీకి వస్తున్నారట. అందుకే మనల్ని పరీక్షిస్తోంది. జాగ్రత్తగా ఉండు."

మార్చి 12, మంగళవారం

పదిరోజులుంది. పదిరోజుల్లో తల్లుల భయం పోగొట్టలేను. కానీ పిల్లల చేత పుస్తకం తిప్పించగలను. ఇది మోసం కాదు, శిక్షణ. క్రికెట్ వాళ్లకి ఉంటుంది, సైన్యానికి ఉంటుంది.

"తిప్పు. తెరువు. ఒకటి, రెండు, మూడు. మూసెయ్."

మధ్యాహ్నానికి పదిమందికి వచ్చేసింది. ఆయమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "వీళ్లని ఏ దేశం మీదికి పంపుతున్నావు?" అంది.

మార్చి 13, బుధవారం

ఇరవై ఎనిమిది మంది. శిక్షణ అని నివేదికలో కూడా రాశాను. మోసమైతే రాస్తానా?

మార్చి 14, గురువారం

ముప్పై ఒక్కమందీ. ఒకేసారి తిప్పుతుంటే ఆ చప్పుడు వానలా ఉంది.

మధ్యలో ఒకటి జరిగింది. చిన్నదే. బుడంకాయ మూడో పేజీ దగ్గర ఆగిపోయింది. అది చెప్పు పారేసుకున్న బాతు కథ, ఆఫీసు వాళ్లు పిల్లకొకటి చొప్పున పంపింది. మూడో పేజీలో తలుపు ఉంటుంది, తలుపు సందులోంచి ఒక తోక కనిపిస్తుంది. అందరూ మూసేశారు, ఇది మూయదు. "టీచర్, లోపల ఎవరున్నారు?" అంది.

నేను ఏమన్నానో ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయను. "తర్వాత చూద్దువుగాని, ముందు మూసెయ్" అన్నాను.

ఆర్నెల్లలో ఈ గదిలో ఒక పిల్ల బొమ్మ గురించి అడిగిన మొదటి ప్రశ్న అది.

సాయంత్రం తప్పు దిద్దుకుందామని అదే పుస్తకం బుడంకాయ చేతిలో పెట్టి, శనివారం దాకా ఆగకుండా ఇంటికి పంపించాను. "ఎవరున్నారో ఇంట్లో చూసుకో" అన్నాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

మార్చి 15, శుక్రవారం

బుడంకాయ రాలేదు.

మార్చి 16, శనివారం

ముప్పై పుస్తకాలు వచ్చాయి. నిగనిగలాడుతూ. బుడంకాయ రాలేదు. జలుబు అయ్యుంటుంది. ఇప్పుడు అందరికీ జలుబులే.

మార్చి 18, సోమవారం

రాలేదు. నివేదికలో జలుబు అని రాశాను. ఎవరూ చెప్పలేదు జలుబని. జలుబని నేనే రాసి, మళ్లీ నేనే చదివి, కాస్త ఊరట పొందాను.

మార్చి 19, మంగళవారం

లాండ్రీకి వెళ్లాను. మా గోడకి అవతలే. నలభై అడుగుల దూరం వెళ్లడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

లోపల ఆవిరికి కళ్లజోడు మసకబారిపోయింది. తుడుచుకుని చూస్తే ఇస్త్రీ బల్ల కింద, దుప్పట్ల గుట్ట పక్కన, బుడంకాయ. నడుముకి ఓణీ ముక్క కట్టి, ఆ కొస బల్ల కాలికి కట్టారు. ఆవిరి గొట్టం దాకా వెళ్లకుండా.

"జ్వరమా?" అన్నాను.

"లేదమ్మా." వాళ్లమ్మ తలెత్తలేదు. ఇస్త్రీ ఆపలేదు. "మీరు కొట్టేసేలోపు మేమే మానేశాం. నలుగురిలో అనిపించుకునేకన్నా అది నయం కదా."

"ఏం కొట్టేస్తాను?"

బల్ల సొరుగులోంచి దిండు గలీబు తీసింది. ముడి విప్పి పుస్తకం నా ముందు పెట్టింది. గురువారం ఆమె నీళ్లకి వెళ్లినప్పుడు బుడంకాయ మంచం మీద స్టూలు వేసుకుని, బీరువా ఎక్కి, ముడి విప్పేసిందట. తల్లి వచ్చి చూసి లాక్కోబోయింది. ఇది వదల్లేదు. పేజీ ఊడి వచ్చింది.

"గంజితో అంటించాను. ఆరాక ఇస్త్రీ కూడా చేశాను," అంది. "కనిపించదులే అనుకున్నా. కనిపిస్తోంది."

పేజీ నిజంగానే సాపుగా ఉంది. కాకపోతే పదో పేజీని నాలుగోదాని ముందు అంటించింది. చెప్పు పోకముందే దొరికేసింది బాతుకి.

బల్ల కిందనుంచి బుడంకాయ అంది: "టీచర్, తలుపు లోపల కోడి ఉంది. బాతుకి చెప్పు దొరికింది. అందుకే మళ్లీ పారేసుకుంది."

"దొరికాక ఎందుకు పారేసుకోవడం?"

"వెతకడం బాగుంది కదా."

నవ్వొచ్చింది. అదే నా ఖర్మ. "పేరు కొట్టెయ్యనండీ, అది ఉత్త జోకు, రేపట్నుంచి పంపించండి," అన్నాను నవ్వుతూనే.

ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. అప్పుడు చూసింది నా కేసి. "ఆ రోజూ నవ్వుతూనే చెప్పారు టీచరమ్మా. ఇవాళా నవ్వుతూనే చెబుతున్నారు. దేన్ని నమ్మమంటారు?"

గోడ దూకినంత వేగంగా కేంద్రానికి వెళ్లి, రిజిస్టరూ ఎర్ర పెన్నూ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టేశాను. "ఇది మీ దగ్గరే ఉంచండి. నా దగ్గర లేనిదాంట్లో నేనెలా కొట్టేస్తాను?"

ఆమె దాన్ని ముట్టుకోలేదు. "ఆలోచిస్తాను," అంది.

గుమ్మం దగ్గర తిరిగి చూస్తే రిజిస్టరుని దిండు గలీబులోకి దూరుస్తోంది.

మార్చి 20, బుధవారం

బుడంకాయ రాలేదు.

అక్కకి చెప్పాను. అక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "రిజిస్టరు ఇచ్చేశావా? శుక్రవారం తనిఖీ పెట్టుకుని?"

"అప్పుడు శుక్రవారం గుర్తు రాలేదే."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. పోయి అడుక్కుని తెచ్చుకో."

ఎలా అడుగుతాను? అడిగానంటే, చూశావా, ఇదీ వేషమే అన్నట్టు కదా. అడక్కపోతే ఆఫీసు ఆస్తి పోగొట్టినట్టు. కుడితిలో పడ్డ ఎలుక గురించి వినడమే గానీ దాని ఆలోచనలు ఎలా ఉంటాయో ఇప్పుడే తెలుస్తోంది.

బావ ఓదార్చాడు: "పోనీలే మరదలా, సబ్బు బస్తాలకి రిజిస్టరు అక్కర్లేదు."

మార్చి 21, గురువారం

హాజరు బోర్డు మీద సుద్దముక్కతో వేశాను. మేడమ్ ఫోన్. "అన్నీ సిద్ధమేనా? పిల్లలు, పుస్తకాలు, రిజిస్టరు?"

"సిద్ధం మేడమ్."

మూడింట్లో రెండు నిజాలు. పిల్లల సంగతి కూడా లెక్కేస్తే ఒకటిన్నర.

మార్చి 22, శుక్రవారం

వరసగా రాస్తాను.

పరిశీలకురాలు సన్నటి మనిషి. నేను ఊహించుకున్నంత గంభీరమైన మొహమేమీ కాదు, బస్సు తప్పిపోయినట్టుంది అంతే. చాప మీద కూర్చుని, ఒక్కొక్కర్నీ పిలిచి పుస్తకం తలకిందులుగా ఇచ్చారు. తిప్పు. తెరువు. ఒకటి, రెండు, మూడు. మూసెయ్. ఆవిడ టిక్కులు పెడుతున్నారు. పదిహేనో పిల్ల దగ్గర పెన్ను ఆగింది.

"పదహారు పేజీలున్నాయి కదా. అందరూ మూడింటికే ఎందుకు మూసేస్తున్నారు?"

నేను గోడ మీద బల్లిని చూశాను. అక్కడ బల్లి లేదు.

"ఈ బొమ్మ ఏమిటి నాన్నా?" అని వాచ్‌మన్ కూతురికి రైలు చూపించారు. "బాతు" అంది. కవలలకి చెట్టు చూపించారు. ఇద్దరూ కలిసి "బాతు" అన్నారు. మేం సాధన చేసింది బాతు పుస్తకంతోనే.

"ఇంకా చూడు, లోపల చాలా ఉన్నాయి," అన్నారావిడ లిఫ్టు మెకానిక్ కొడుకుతో. వాడు తెరవలేదు. తిరిగి నా మొహం చూశాడు. తెరవనా అని. వాడితో పాటు మిగతా వాళ్లూ చూశారు. ముప్పై జతల కళ్లు.

అప్పుడు చెప్పేశాను. జోకు, ఎర్ర పెన్ను, ముడులు, ఇటుక, కవాతు. ముందూ వెనకా లేకుండా చెప్పాను. ఎక్కడా నవ్వించలేదు. నవ్వించకుండా అంతసేపు మాట్లాడటం నా జీవితంలో అదే మొదలు.

ఆవిడ కాయితం కేసి చూసుకున్నారు. "తిప్పడం, తెరవడం, పేజీలు. ఇప్పటికే సగం మందికి టిక్కులు పడిపోయాయి. మీరు చెప్పకపోతే గది ఉండిపోయేది. ఎందుకు చెప్పారు?"

"ముప్పై ఒకటో పిల్ల రాలేదండి."

"ఏదీ, రిజిస్టరు ఇవ్వండి."

"లాండ్రీలో ఉందండి."

"ఉతకడానికిచ్చారా?"

ఈ మాట నేననాల్సింది. ఆయమ్మ చెంగు బిగించి గోడ పక్కనుంచి అటు వెళ్లింది. ఏం చెప్పిందో తెలీదు. చాలాసేపటికి తిరిగి వచ్చింది. వెనక బుడంకాయ వాళ్లమ్మ, చంకలో దిండు గలీబు, ఇంకో చేత్తో బుడంకాయ.

ఆమె గుమ్మంలోనే ఆగి నన్నడిగింది, ఆవిణ్ణి కాదు: "ఇమ్మంటారా?"

"మీ ఇష్టమండీ." నవ్వలేదు.

ఆమె కూర్చుంది. ముడి విప్పింది. రిజిస్టరు తీసి, ఇవ్వకుండా ఒళ్లో పెట్టుకుని పరిశీలకురాలితో అంది: "ఇందులో మా పాప పేరు ఎక్కడుందో చూపించండమ్మా. నాకు చదవడం రాదు."

ఆవిడ వంగి, పేజీ తిప్పి, పంతొమ్మిదో వరస మీద వేలు పెట్టారు. ఆవిడ వేలు తీయగానే ఆమె తన వేలు పెట్టింది.

ఈలోగా బుడంకాయ చాప మీద పడున్న రైలు పుస్తకం లాక్కుంది. తలకిందులుగానే ఉంది. తిప్పలేదు. అలాగే చూసి, "అమ్మా, రైలు పడిపోయింది," అంది. తర్వాత తిప్పింది. "లేచింది." పేజీలు తిప్పుతూ, వెనక్కి వెళ్తూ, మళ్లీ ముందుకొస్తూ, రైలు ఎక్కినవాళ్లందర్నీ పేరుపేరునా తిట్టింది. పరిశీలకురాలు ఏదో అడగబోతే "ఆగండి" అంది. ఆవిడ ఆగారు. "వెంటనే తిప్పిందా?" అనే గడి దగ్గర పెన్ను గాల్లో నిలబడిపోయింది. ఏం పెట్టారో నాకు కనిపించలేదు.

చివర్లో ఆవిడ రిజిస్టరులో తనిఖీ సంతకం చేయాలన్నారు. ఆ పేజీ అడుగునే చేయాలి. వాళ్లమ్మ వేలు ఇంకా పంతొమ్మిదో వరస మీదే ఉంది. ఆవిడ తీయమనలేదు. రిజిస్టరుని ఆమె ఒళ్లోనే ఉంచి, చెయ్యి వంకరగా తిప్పుకుని సంతకం చేశారు.

మార్చి 23, శనివారం

మేడమ్ ఫోన్. "నిన్నెవరు చెప్పమన్నారు?" ఎనిమిది నిమిషాలు. గది సంగతి, నా సంగతి వచ్చే వారం తేలుస్తారట. అక్క రెండుసార్లు ఉద్యోగాల పేజీ తెచ్చి నా పక్కన మర్చిపోయింది.

ఇవాళ పుస్తకాలు మార్చుకోడానికి తల్లులు వచ్చారు. వాచ్‌మన్ భార్య అల్మరా దగ్గర నిలబడి, బుడంకాయ వాళ్లమ్మని గుసగుసగా అడిగింది: "నిజంగా కొట్టెయ్యలేదా?"

"నా వేలి కిందే ఉంది," అంది ఆమె.

మార్చి 25, సోమవారం

మేడమ్ ఫోన్ రాలేదు. ఎనిమిదిసార్లు చూసుకున్నాను.

బుడంకాయ వచ్చింది. ఆలస్యంగా. చెప్పులు విప్పకుండా నేరుగా పుస్తకాల దగ్గరికి వెళ్లిపోయింది. తడిబట్ట పెట్టిన నేల మీద అంత పొడవునా అడుగులు. చెప్పులు విప్పి రమ్మని ఆయమ్మ కేకేసింది.

వినిపించుకోలేదు.